లేవగానే తూలిపోతున్నారా?
మతిమరుపు జబ్బు ఉన్న పెద్దల సంరక్షణ

చౌడేపల్లె, పుంగనూరు వైపు నుండి పెద్దలను తీసుకొచ్చే కుటుంబాలవారు తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "అవ్వకు మతిమరుపు ఉందని తెలుసు. కానీ చర్చిలో పాటకు లేచి నిలబడగానే ఎందుకు తూలిపోతోంది?" ఈ రెండింటికీ సంబంధం ఉండవచ్చు.

మన ప్రమేయం లేకుండానే గుండె వేగాన్ని, రక్తపోటును, చెమటను, జీర్ణక్రియను, మూత్రాన్ని అదుపు చేసే నరాలు మన శరీరంలో ఉన్నాయి. వీటిని స్వయంచోదిత నాడీ వ్యవస్థ అంటారు. మనం లేచినప్పుడు రక్తం కాళ్లలోకి దిగుతుంది. వెంటనే ఈ నరాలు రక్తనాళాలను బిగించి, మెదడుకు రక్తం తగ్గకుండా కాపాడతాయి. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న కొందరిలో ఈ నరాలు కూడా దెబ్బతింటాయి. లూయీ బాడీ డిమెన్షియాలోనూ, పార్కిన్‌సన్ వ్యాధితో వచ్చే మతిమరుపులోనూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

గమనించవలసిన లక్షణాలు:
1. లేచినప్పుడు కళ్లు తిరగడం, చూపు మసకబారడం, పడిపోవడం.
2. విడవని మలబద్ధకం.
3. మూత్రం ఆపుకోలేకపోవడం, లేదా సరిగా రాకపోవడం.
4. చెమట మరీ ఎక్కువగా, లేదా మరీ తక్కువగా పట్టడం.

పరీక్ష సులభమే. 5 నిమిషాలు పడుకోబెట్టి బి.పి. చూడాలి. తర్వాత పక్కన పట్టుకొని నిలబెట్టి 1వ నిమిషంలో, 3వ నిమిషంలో మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చెప్పండి. కూర్చోబెట్టి ఒక్కసారి మాత్రమే చూస్తే ఈ లోపం బయటపడకపోవచ్చు.

ఇంట్లో ఏమి చేయాలి?
మంచం మీద నుండి ఒక్కసారిగా లేపకండి. ముందు కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, రెండు నిమిషాలు ఆగి, తర్వాత నిలబెట్టండి. దాహమని వారు చెప్పలేకపోవచ్చు కాబట్టి నీళ్లు, మజ్జిగ మీరే గుర్తుగా ఇవ్వండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉంటే ఎంత ఇవ్వాలో డాక్టరును అడగండి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు దీపం, తోడు తప్పక ఉండాలి. చర్చిలో అందరూ నిలబడినా, వారిని కూర్చోనివ్వండి.

వాడుతున్న మందులన్నీ ఆసుపత్రికి తీసుకురండి. బి.పి., ప్రోస్టేట్ మందులు లేచినప్పుడు రక్తపోటును మరింత తగ్గించవచ్చు. మతిమరుపుకు ఇచ్చే డోనెపెజిల్ కొందరిలో నాడి వేగాన్ని తగ్గిస్తుంది. అయితే డాక్టరు చెప్పకుండా ఏ మందూ ఆపకండి.

పడితే తుంటి ఎముక విరగవచ్చు. ఆ తర్వాత చాలామంది పెద్దలు మునుపటిలా నడవలేరు. కాబట్టి అవ్వ తూలినప్పుడు కసురుకోకండి. అది మొండితనమూ కాదు, నటనా కాదు. ముందు చెయ్యి పట్టుకోండి, తర్వాత ఆసుపత్రికి తీసుకురండి.