సర్వేవారు పొలమునకు వచ్చిన దినమున రైతు చేయవలసిన పనులు

కాలువకో, జలాశయమునకో ప్రభుత్వమువారు మన పొలమును సేకరింపదలచినప్పుడు, సొమ్ము కంటె ముందుగా వచ్చునది సర్వే. సర్వే జరిగినంత మాత్రమున భూమి మన చేయి దాటిపోదు. అయినను ఆనాడు పటముపై పడిన గీతయే పిమ్మట పరిహారమునకు పునాది యగును.

ఒక గ్రామమున మేము చూచిన సంగతి చెప్పెదము. అన్నదమ్ములిరువురు తండ్రి గతించిన పిదప నోటిమాటతో పొలము పంచుకొని నడుమ గట్టు వేసికొనిరి. రికార్డులో తండ్రి పేరే నిలిచియుండెను. నోటీసు అందినను తమ్ముడు అలిగి, తాను పోకున్న కొలత సాగదని తలంచి, యింటనే కూర్చుండెను. కొలత సాగెను. గట్టు తన దిక్కున ఎంతవరకు కలదో చూపువాడు లేకపోయెను. తరువాత ఆ గట్టు కొరకే యిరువురును కోర్టు మెట్లెక్కిరి.

ఇందు చట్టమేమి చెప్పుచున్నది? 1894 నాటి భూసేకరణ చట్టము రద్దయి, 2013 నాటి చట్టము 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దీని 12వ సెక్షను ప్రకారము అధికారులు పొలమున ప్రవేశించి కొలువవచ్చును, నేల త్రవ్వి చూడవచ్చును, గుర్తులు నాటవచ్చును. తప్పనిసరియైనచో పైరును, కంచెను తొలగింపవచ్చును. కాని యజమానిగాని, ఆయన వ్రాతమూలముగా నియమించినవారుగాని లేనిదే యీ పనులు చేయరాదు. కనీసము 60 దినములు ముందుగా నోటీసు ఇచ్చియున్నచో మాత్రము యజమాని రాకున్నను సాగింపవచ్చును. కాపురమున్నవారి సమ్మతి లేనప్పుడు, ఇంటిలోనికిగాని పెరటిలోనికిగాని 7 దినముల వ్రాతపూర్వక నోటీసు ఇయ్యక ప్రవేశింపరాదు.

13వ సెక్షను ప్రకారము, కలుగు నష్టమునకు సొమ్మును ప్రవేశించు సమయముననే ఇయ్యజూపవలెను. అది చాలదని తగవు వచ్చినచో కలెక్టరుగారి నిర్ణయమే తుది. ఇది దానము కాదు, మన హక్కు, అడుగుటకు సంకోచింపరాదు.

కావున సభ్యులు ఈ క్రింది పనులు చేయవలెను.

1. పాసుపుస్తకము, అడంగల్ లేక పహాణీ, సర్వే పటము నకళ్ళు ముందే తెచ్చుకొనవలెను. గతించినవారి పేరున్నచో మార్పించుకొనవలెను. 11వ సెక్షను క్రింద ప్రకటన వెలువడిన పిదప 2 మాసములలో రికార్డులను సరిచేయుట కలెక్టరుగారి విధి. ఆ గడువును పోగొట్టుకొనరాదు.

2. సర్వే దినమున స్వయముగా నిలువవలెను. దూరముననున్నవారు నమ్మినవారికి వ్రాతతో అధికారమీయవలెను.

3. హద్దురాళ్ళు, గట్లు, బావి, చెట్లు, పైరు చూపి, తామును ఒక పట్టిక వ్రాసికొని యిరుగుపొరుగు రైతులచేత సంతకము చేయించుకొనవలెను. ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేయరాదు.

4. ఆక్షేపణ యున్నచో, 15వ సెక్షను ప్రకారము ప్రకటన వెలువడిన 60 దినములలో కలెక్టరుగారికి వ్రాసి యీయవలెను. స్వయముగాగాని వకీలు ద్వారాగాని చెప్పుకొనుటకును హక్కు కలదు.

జాతీయ రహదారికైనచో 1956 నాటి వేరు చట్టము వర్తించును. అందు ఆక్షేపణకు 21 దినములే గడువు. కనుక నోటీసు చేతికి వచ్చినంతనే అది ఏ చట్టము క్రింద వచ్చినదో చూడవలెను. చదువురాని సభ్యులు దానిని మన సంఘమునకు తెచ్చి చదివించుకొనుటకు సిగ్గుపడరాదు. అలిగి యింటనుండుట వలన హద్దు నిలువదు. గట్టు మీద నిలిచి చూపినప్పుడే నిలుచును.