కొడుకు కొరకు న్యాయస్థానమెక్కిన తల్లి

మన పూర్వుల గిరిమిటునకు ఐదేండ్ల గడువైన నుండెను. అమెరికా బానిసలకు అదియు లేదు. న్యూయార్కు రాష్ట్రమున బానిసగా పుట్టిన ఇసబెల్లా, విడుదల చేసెదనన్న యజమాని మాట తప్పగా, 1826లో పసికూతును చంకనెత్తుకొని వెడలిపోయెను. ఆమె కుమారుడు పీటరును, సుమారు అయిదేండ్ల పసివానిని, అలబామాకు అమ్మివేసిరి. రాష్ట్రము దాటించి అమ్ముట నాటి చట్టమునకే విరుద్ధము. చదువురాని ఆ తల్లి కింగ్‌స్టన్ న్యాయస్థానము నాశ్రయించి, 1828లో బిడ్డను దక్కించుకొనెను. నల్లజాతి స్త్రీ తెల్లవానిపై వ్యాజ్యము గెలుచుట ఆనాడు బహు అరుదు. బాలుని వీపంతయు దెబ్బల మచ్చలే. భయముచే తొలుత తల్లినే కాదనెను!

1843లో సోజర్నర్ ట్రూత్ అను పేరు దాల్చి, ఊరూర బానిసత్వమును ఖండించెను. ఆ వ్యాజ్యపు పత్రములు 2022లో న్యూయార్కు రాష్ట్ర పత్రభాండాగారమున బయల్పడినవి.