మోడల్ విమానం నేర్పే గురువుకు ఫీజు ఇవ్వాలా?

మిరప చేల మీద డ్రోన్ మందు చల్లుతుంటే చూశారా? గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు అదిప్పుడు కొత్త కాదు. గట్టు మీద నిలబడి దాన్ని నడిపే మనిషి చేతిలో చిన్న పెట్టె ఉంటుంది. అలాంటి పెట్టెతోనే సరదాకోసం బుల్లి విమానాలు ఎగరేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ఫీజు తీసుకొనేవారి దగ్గరా, ఊరికే చెప్పేవారి దగ్గరా? అసలు గురువెందుకో ముందు చూద్దాం.

రెండు సెకన్ల వ్యవధి

మోడల్ విమానం గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. అంటే సెకనుకు 15 మీటర్లు. మీరు తడబడిన అర సెకనులో అది ఏడున్నర మీటర్లు దాటిపోతుంది! 20 మీటర్ల ఎత్తునుంచి వదిలిన రాయి సుమారు 2 సెకన్లలో నేలకు చేరుతుంది. ముక్కు కిందికి వేసి దూసుకొచ్చే విమానానికి అంత సమయం కూడా పట్టదు.

ఇంకో చిక్కుంది. విమానం మీ నుంచి దూరంగా పోయేటప్పుడు దాని కుడి మీకూ కుడే. మీ వైపు తిరిగి వచ్చేటప్పుడు దాని కుడి మీకు ఎడమవుతుంది. అప్పుడేం చెయ్యాలి? మీకు ఏ వైపు రెక్క వాలినట్టు కనిపిస్తే మీట ఆ వైపుకే జరపాలి. వాలిన పందిరికి గుంజ పెట్టినట్టన్నమాట!

ఇది పుస్తకం చదివితే చేతికి రాదు. అందుకే గురువు పెట్టెనూ శిష్యుడి పెట్టెనూ కలుపుతారు. గురువు ఒక బటను నొక్కి ఉంచినంతసేపే విమానం శిష్యుడి మాట వింటుంది. వేలు తీస్తే చాలు, మళ్ళీ గురువు చేతికొస్తుంది.

మూడు పద్ధతులు

మొదటిది ఫీజు పద్ధతి. గుంటూరు దగ్గర లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోన్ పైలట్లకు శిక్షణ ఇస్తోంది. ఇలా గుర్తింపు పొందిన సంస్థల్లో పాఠ్యక్రమం, వేళలు, పరీక్ష ఉంటాయి. కాని పైలట్ ధ్రువపత్రానికి పది పాసవ్వాలి, 18 ఏళ్ళు నిండాలి.

రెండోది స్వచ్ఛంద పద్ధతి. బ్రిటన్, అమెరికా మోడల్ క్లబ్బుల్లో ఎక్కువగా ఇదే. అనుభవమున్న సభ్యుడు సెలవు రోజున మైదానానికొచ్చి ఊరికే నేర్పుతాడు. డబ్బులేని పిల్లవాడికి కూడా తలుపు తెరిచే ఉంటుంది. కాని ఆయన రాని వారం పాఠం లేదు. ఒకరు చెప్పింది మరొకరు కాదనవచ్చు. ఊరికే చెప్పేవారిని నిలదీయడానికి మనకు మొహమాటం!

మూడోది మన ఎన్.సి.సి. పద్ధతి. 1950లో మొదలైన దాని వైమానిక విభాగంలో మోడల్ విమానాల తయారీ, ఎగరవేత కూడా నేర్పుతారు. అక్కడి శిక్షకుడికి ప్రభుత్వం జీతమిస్తుంది, క్యాడెట్ ఫీజు కట్టనక్కరలేదు. చూశారా? గురువుకు జీతం ఉండడం వేరు, ఆ భారం శిష్యుడి మీద పడడం వేరు.

మరి నేర్పు ఎలా తెలుస్తుంది?

ఫీజు గురువు కాలానికి వెల కడుతుంది. ఆయన నేర్పును కొలవదు. బ్రిటన్ క్లబ్బుల సంఘం దీనికొక ఉపాయం చేసింది. శిష్యుడు పరీక్షకుడి ఎదుట విమానాన్ని లేపాలి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి, దింపాలి, భద్రతా నియమాలు చెప్పాలి. ఆ పరీక్షకులూ స్వచ్ఛందంగా వచ్చేవారే! నేర్పినవారెవరైనా కొలబద్ద ఒక్కటే.

కాబట్టి మీరు ఎవరి దగ్గర చేరినా ఈ ప్రశ్నలు అడగండి. పెట్టెలు రెండూ కలిపి నేర్పుతారా? ఎగరేసే ముందు ఏమేం సరిచూస్తారు? జనం, కరెంటు తీగలు లేని చోటేనా? అక్కడ ఎగరేయడానికి అనుమతి ఉందా? నాకు వచ్చిందని ఎలా తేలుస్తారు?

గురువు మీ ప్రశ్నలకు విసుక్కుంటే, ఫీజు తీసుకోకపోయినా సరే, మరో గురువును వెతుక్కోండి.

చేసి చూడండి: నేల మీద నడిచే రిమోట్ కారును మీ వైపు నడిపిస్తూ కుడికి తిప్పండి. మొదటి పది సార్లలో ఎన్నిసార్లు తప్పారో రాసుకోండి. ఒక స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టుకొని మరో పదిసార్లు చేయండి. తప్పులు తగ్గాయా?