నోటరీ కావాలంటే ముందు వకీలు కావాలి

ప్రశ్న: మా బావ అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ నోటరీలు ఇంటి లోన్ కాగితాల మీద సంతకాలు చేయించి ఫీజు తీసుకుంటారట. నేను డిగ్రీ చదివాను. ఇక్కడ ఆ పని చేయవచ్చా?
– ఒక పాఠకుడు, గొల్లపల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: చేయలేరు తమ్ముడూ. టెక్సాస్‌లో 18 ఏళ్లు నిండి, 10,000 డాలర్ల బాండు ఇస్తే నాలుగేళ్ల కాలానికి నోటరీగా నియమిస్తారు, లా చదవనక్కర్లేదు. మన దగ్గర 1952 నాటి నోటరీల చట్టం, 1956 నిబంధనలు వర్తిస్తాయి. వకీలుగా కనీసం పదేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, మహిళలకు ఏడేళ్లు చాలు. నియమించేది ప్రభుత్వమే. సర్టిఫికెట్ ఐదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి.

‘నోటరీ లైసెన్స్ ఇప్పిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే దయచేసి ఇవ్వకండి. ఈ రంగం మీద నిజంగా మనసుంటే ఎల్‌ఎల్‌బీలో చేరండి. డిగ్రీ ఉంది కాబట్టి మూడేళ్లే.

ఇంకో మాట, మన పల్లెల్లో నోటరీ కాగితాలు నమ్మి నష్టపోతున్నవారు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. నోటరీ ముద్ర ఉందని ప్లాటు కొనేయకండి. వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ కాగితంతో హక్కు రాదు.