దోమపోటుకి మందు ఆపమన్న శాస్త్రవేత్తలు: కెన్మోర్, ఓకా మన వరి రైతులకి నేర్పిన లెక్క



ప్రకృతి వ్యవసాయం మీటింగుల్లో ఒక మాట తరచూ వింటుంటాను. "శాస్త్రవేత్తలంతా కంపెనీల మనుషులే, మనకి వాళ్ళతో పనేంటి?" అని. అలా అనేవాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ నేను ఆ మాట ఒప్పుకోను. వరిలో మందు కొట్టకుండా పంట తీయొచ్చు అని మనం ఈరోజు ధైర్యంగా చెప్తున్నామంటే, ఆ ధైర్యం వెనక పొలంలో మోకాళ్ళ లోతు బురదలో నిలబడి పురుగుల్ని లెక్కపెట్టిన శాస్త్రవేత్తలు ఉన్నారు. వాళ్ళు లెక్క తేల్చి ఊరుకోలేదు, ప్రభుత్వాల ముందుకెళ్ళి వాదించారు కూడా. అందులో ఇద్దరి గురించి, వాళ్ళ దగ్గర మనం నేర్చుకుని రేపు పొద్దున్నే పొలంలో చేయాల్సిన పని గురించి ఈ పాఠం. దుబ్బు తట్టి దోమని లెక్కపెట్టే విధానం వీడియోలో చూపించాను, ఇక్కడ దాని వెనక కథ, కారణం రాస్తున్నాను.

ముందు దోమ గురించి. సుడిదోమ అంటాం, దోమపోటు అంటాం. గోధుమ రంగులో 3, 4 మిల్లీమీటర్లు ఉండే పురుగు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది. గట్టు మీద నుంచి చూస్తే చేను పచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. నాలుగు రోజులు పోయాక చూస్తే మధ్యలో సుడులు సుడులుగా కాలిపోయినట్టు కనిపిస్తుంది. పొట్ట దశ దాటాక వచ్చిందంటే గింజ తాలుగా మారుతుంది, చేను పడిపోతుంది, పెట్టుబడి మొత్తం బురదలోకే. అందుకే మా గోదావరి డెల్టాలో దోమ పేరు చెప్తే పెద్ద రైతులకి కూడా నిద్ర పట్టదు. పక్క చేలో పవర్ స్ప్రేయర్ మోగుతుంటే "నువ్వొక్కడివే కొట్టకపోతే మా చేలు కూడా పోతాయిరా" అని గట్టు మీద నుంచి బాబాయిలు కేకలేస్తారు. ఆ మాటకి జవాబు మన దగ్గర ఉండాలి. మొండితనం జవాబు కాదు, లెక్క ఉండాలి.

ఆ లెక్క తీసిన మనిషి పీటర్ కెన్మోర్. అమెరికాలోని బర్క్లీలో చదువుకున్న కీటక శాస్త్రవేత్త. 1970ల చివర్లో ఫిలిప్పీన్స్‌లో, అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఉన్న ప్రాంతంలో, దోమపోటు మీద పరిశోధన చేశారు. అప్పటి నమ్మకం ఏంటంటే, దోమ ఎక్కువగా ఉంది కాబట్టి మందు ఎక్కువ కావాలి. ఆయన ప్రశ్నని తిరగేశారు: మందు కొట్టడం వల్లే దోమ ఎక్కువవుతోందేమో? కొన్ని మడులకి మందు కొట్టి, కొన్నిటికి కొట్టకుండా వదిలేసి, రెండిట్లోనూ దోమల్ని, వాటిని తినే పురుగుల్ని వారం వారం లెక్కపెట్టారు. మందు కొట్టని మడుల్లో దోమ వచ్చింది గానీ తక్కువలోనే ఆగిపోయింది. కొట్టిన మడుల్లో వందల రెట్లు పెరిగింది.

ఎందుకలా? ఇక్కడ కాస్త ఆగి అర్థం చేసుకోవాలి, ఈ పాఠానికి ఇదే ప్రాణం. దోమ తన గుడ్లని ఆకు తొడిమ లోపల, కండలోకి దూర్చి పెడుతుంది. ఒక్కో ఆడ దోమ వందల గుడ్లు పెడుతుంది. పైన కొట్టిన మందు ఆ గుడ్లని తాకదు. కానీ దుబ్బుల మధ్య తిరిగే తోడేలు సాలీడుని తాకుతుంది, నీటి మీద పరిగెత్తే చిన్న నల్లుల్ని తాకుతుంది, దోమ గుడ్లని వెతుక్కుని పీల్చే మిరిడ్ నల్లిని తాకుతుంది. వారం, పది రోజుల్లో గుడ్లు పగిలి పిల్ల దోమలు బయటికొచ్చేసరికి చేలో కాపలా కాసేవాళ్ళు ఎవరూ లేరు. ఇంట్లో వాళ్ళందరినీ ఊరికి పంపేసి తలుపులు బార్లా తీసి పెట్టినట్టు. మందు కొట్టిన రెండు, మూడు వారాలకి దోమ మళ్ళీ రెట్టింపై వచ్చిందని షాపుకి పరిగెత్తే రైతు ఇంకా గాఢమైన డబ్బా తెచ్చుకుంటాడు. ఆ చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది.

ఒక తోడేలు సాలీడు రోజుకి 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది. మిరిడ్ నల్లి రోజుకి 7 నుంచి 10 దోమ గుడ్లు ఖాళీ చేస్తుంది. జీతం లేని కూలీలు అనుకోండి.

ఈ పనిలో మన దక్షిణాది మనిషి కూడా ఉన్నారు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన చెల్లయ్య గారు అదే సంస్థలో హైన్రిక్స్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1980లో ఇంకో సంగతి బయటపెట్టారు. కొన్ని మందులు, ముఖ్యంగా డెల్టామెత్రిన్, మిథైల్ పారాథియాన్ లాంటివి, చావకుండా మిగిలిన దోమలు ఇంకా ఎక్కువ గుడ్లు పెట్టేలా చేస్తున్నాయని. అంటే మన డబ్బులతో మనమే దోమకి బలం మందు పోస్తున్నామన్నమాట.

రుజువు ఉంటే సరిపోదు

ఇక్కడ రెండో పేరు వస్తుంది. ఇదా న్యోమన్ ఓకా, ఇండోనేషియా కీటక శాస్త్రవేత్త. 1976లో ఆయన డేవిడ్ పిమెంటెల్‌తో కలిసి సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. మొక్కజొన్నలో కలుపు మందు 2,4-డి వాడితే పేనుబంక, కాండం తొలిచే పురుగు, తెగుళ్ళు పెరిగాయని అందులో చూపించారు. కలుపు మందుకి పురుగుతో ఏం సంబంధం అనుకునేవాళ్ళు ఒకసారి ఆలోచించండి. మన దగ్గర 2,4-డి ఇప్పటికీ వాడుతున్నారు.

ఇండోనేషియా పరిస్థితి అప్పట్లో ఎలా ఉండేదంటే, పురుగు మందు ధరలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రభుత్వమే భరించేది. చవగ్గా దొరికితే ఎవరు ఆపుతారు? తేదీ ప్రకారం కొట్టేవాళ్ళు. 1970ల మధ్యలో దోమ దేశాన్ని ముంచేసింది. తట్టుకునే రకంగా ఐఆర్ 26 తెచ్చారు, రెండు, మూడేళ్ళలో దోమ దాన్నీ దాటేసింది. తర్వాత ఐఆర్ 36 వచ్చి కాస్త ఊపిరి పోసింది. 1984లో దేశం బియ్యంలో స్వయం సమృద్ధి సాధించామని చెప్పుకుంది. ఆ సంబరం ఆరకముందే 1986లో జావాలో దోమ మళ్ళీ విరుచుకుపడింది.

ఓకా లాంటి ఆ దేశపు శాస్త్రవేత్తలు, అప్పటికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థలో పనిచేస్తున్న కెన్మోర్ కలిసి పొలాల లెక్కల్ని ప్రభుత్వం ముందు పెట్టారు. మందుల అమ్మకం మీద బతికే వాళ్ళు ఎంతమంది ఉంటారో, ఈ మాట వాళ్ళకి ఎంత చేదుగా ఉంటుందో మీరే ఊహించుకోండి. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఆదేశం ఇచ్చారు: వరిలో 57 రకాల పురుగు మందుల వాడకం నిషేధం. సబ్సిడీని తగ్గించుకుంటూ వచ్చి 1989 నాటికి పూర్తిగా ఎత్తేశారు. మందు వాడకం బాగా పడిపోయింది, బియ్యం ఉత్పత్తి మాత్రం పడిపోలేదు. మందు ఆపితే దేశం పస్తులుంటుంది అని బెదిరించేవాళ్ళకి చూపించడానికి నా దగ్గర ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

వాళ్ళకంటే ముందు ఈ దారి వేసిన రాచెల్ కార్సన్‌ని కూడా ఒక్క మాట తలుచుకోవాలి. 1962లో ఆమె రాసిన సైలెంట్ స్ప్రింగ్ పుస్తకం మీద మందుల కంపెనీలు గట్టిగా దాడి చేశాయి. కేన్సర్‌తో పోరాడుతూనే ఆమె 1963లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది, మరుసటేడు చనిపోయింది. మందులకి పురుగులు అలవాటు పడిపోతాయని, శత్రు పురుగుతో పాటు మిత్ర పురుగూ చస్తుందని ఆమె ఆ పుస్తకంలోనే హెచ్చరించింది. కెన్మోర్ మడుల్లో తేలింది అదే.

నిషేధం ఒక్కటే పెట్టి ఊరుకుంటే రైతు దొంగతనంగా కొనుక్కునేవాడు. అందుకని 1989లో అక్కడ రైతు పొలం బడులు మొదలుపెట్టారు. పాతిక మంది రైతులు, వారానికి ఒక పూట, సీజన్ పొడుగునా పొలంలోనే బడి. దుబ్బులు చూడటం, పురుగులు లెక్కపెట్టడం, పెద్ద కాగితం మీద మొక్క బొమ్మ గీసి ఒక పక్క శత్రువుల్ని, ఇంకో పక్క మిత్రుల్ని వేసి, ఈ వారం ఏం చేయాలో రైతులే తేల్చుకోవడం. పదేళ్ళలో ఇండోనేషియాలో సుమారు పది లక్షల మంది ఆ బడుల్లో కూర్చున్నారు. మన దగ్గర "పొలంబడి" అని వ్యవసాయ శాఖ నడిపింది దాని నుంచి వచ్చిందే. కెన్మోర్ తర్వాత కాలంలో ఆ సంస్థ తరఫున భారతదేశ ప్రతినిధిగా కూడా పనిచేశారు. నేను డిప్లొమాలో పొలంబడి గురించి చదువుకున్నాను, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. దాని వెనక ఇంత పోరాటం ఉందని పుస్తకంలో ఎక్కడా లేదు.

మన ఎరువుకి, సాలీడుకి చుట్టరికం

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి బాగా నచ్చే పరిశోధన ఇంకొకటి ఉంది. విలియం సెటిల్, ఆయన బృందం జావా పొలాల్లో చేసి 1996లో ప్రచురించారు. వరి నాటిన కొత్తలో చేలో దోమ ఉండదు కదా, మరి సాలీళ్ళు ఏం తిని బతుకుతాయి? కుళ్ళే సేంద్రియ పదార్థాన్ని తినే సన్నటి ఈగలు, నీటి పురుగులు ఉంటాయి. పంటకి వాటి వల్ల నష్టం ఏమీ లేదు. వాటిని తిని సాలీళ్ళు ముందే పెరిగి, దోమ వచ్చే సమయానికి సిద్ధంగా ఉంటాయి. సేంద్రియ ఎరువు ఎక్కువ వేసిన మడుల్లో ఈ చిన్న పురుగులూ పెరిగాయి, వాటిని తినేవీ పెరిగాయి. అంటే పశువుల ఎరువు, పచ్చిరొట్ట, ఘనజీవామృతం నేలకి మాత్రమే కాదు, సాలీడుకి కూడా ముందస్తు భోజనం పెడుతున్నాయి. నాటిన మొదటి 40 రోజుల్లో ఏదైనా కొడితే చెడేది ఈ భోజనమే.

ఏదైనా అన్నాను, గమనించండి. ఈ మాట మనవాళ్ళలో కొందరికి నచ్చదు. అగ్నాస్త్రంలో పొగాకు వేస్తాం. పొగాకులోని నికోటిన్‌కి ఇది మిత్ర పురుగు, ఇది శత్రువు అని తెలియదు. 15 రోజులకోసారి షెడ్యూలు ప్రకారం కషాయం కొట్టే రైతు డబ్బా మార్చాడు గానీ అలవాటు మార్చలేదు. ఆవు పేరు చెప్పి కొట్టినా సాలీడు సాలీడే, పోయిందంటే పోయినట్టే.

ఇక పొలంలో పని. వారానికోసారి, పొట్ట దశ నుంచి వారానికి రెండుసార్లు, చేలోకి మూలగా నడుస్తూ 20 దుబ్బులు చూడండి. దుబ్బుని కాస్త వంచి అరచేత్తో తట్టండి, నీళ్ళ మీద పడ్డ దోమల్ని లెక్కపెట్టండి. అదే దుబ్బులో సాలీళ్ళు ఎన్ని, పచ్చగా నల్ల తలతో చురుగ్గా పరిగెత్తే మిరిడ్ నల్లులు ఎన్ని, అదీ రాయండి. నోటుబుక్కులో మూడు గళ్ళు చాలు. తమిళనాడు విశ్వవిద్యాలయం సిఫారసు ఇలా ఉంది: సాలీడు లేకపోతే పిలకకి ఒక దోమ దాటితే జాగ్రత్త పడాలి. దుబ్బుకి ఒక సాలీడు ఉంటే పిలకకి రెండు దోమల దాకా ఆగొచ్చు. 15 పిలకల దుబ్బు అనుకుంటే సాలీడు లేనప్పుడు 15, ఉన్నప్పుడు 30. ఒక్క సాలీడు మీ హద్దుని రెట్టింపు చేసింది.

హద్దు దాటితే మొదటి పని నీళ్ళు తీసేసి చేను ఆరబెట్టడం. కాలిబాటలు మూసుకుపోయి ఉంటే దుబ్బుల్ని పక్కకి వంచి గాలీ వెలుతురూ మొదళ్ళకి తగిలేలా చేయండి. అసలు నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల బాట తూర్పు పడమరలుగా వదిలితే ఈ అవస్థ ఉండదు. చేను మరీ ముదురు ఆకుపచ్చగా ఉంటే ఇంకేమీ వేయకండి, నత్రజని ఏ రూపంలో ఎక్కువైనా దోమకి విందే. అప్పటికీ పెరుగుతుంటే 5 శాతం వేప గింజల కషాయం దుబ్బు మొదళ్ళు తడిసేలా, దోమ ఉన్న చోటు వరకే. అది నెమ్మదిగా పనిచేస్తుంది, ఇప్పటికే సుడులు కట్టిన చేనుని లేపదు. ఆ భ్రమ ఎవరికీ కలిగించకండి. సాంబ మసూరి లాంటి దోమకి లొంగే రకం వేసినవాళ్ళు లెక్క ఇంకా తొందరగా మొదలుపెట్టాలి. మార్టేరు పరిశోధనా స్థానం వాళ్ళు దోమని తట్టుకునే రకాలు ఇచ్చారు, చైతన్య, కృష్ణవేణి, విజేత అలాంటివే. దోమ ఏటా వచ్చే ఊళ్ళలో రకం ఎంపికే సగం పని. మార్కెట్లో సాంబ మసూరికి ఉన్న పేరు వాటికి లేదు, బియ్యం అమ్ముకునేవాడిగా ఆ ఇబ్బంది నాకూ తెలుసు.

గట్టు మీద నుంచి కేకలేసే బాబాయిలకి పొలం బడిలో చేసే పని ఒకటి చేసి చూపించండి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గ్లాసులో ఒక పిలక ముక్క, పది దోమలు, ఒక తోడేలు సాలీడు వేసి పైన పలుచటి గుడ్డ కట్టండి. సాయంత్రం పెట్టి, పొద్దున్న వాళ్ళ చేతే లెక్కపెట్టించండి. నా మాట కంటే ఆ గ్లాసు ఎక్కువ పనిచేసింది మా ఊళ్ళో. మిరిడ్ నల్లి మరీ చిన్నది కాబట్టి గ్లాసులో సరిగ్గా కనపడదు, దాన్ని ఫోన్ లెన్స్‌తో దగ్గరగా తీసి వచ్చే వీడియోలో చూపిస్తాను. ఈలోగా మీ 20 దుబ్బుల లెక్క రాసి ఉంచుకోండి, రెండు వారాలవి పక్కపక్కన పెట్టి చూద్దాం.