రాత్రి షిఫ్టుకి ముందు చెప్పు

చి. మేనల్లుడికి,

జీడిమెట్లలో మీ మోల్డింగ్ యూనిట్‌లో నిన్ను షిఫ్టు ఇన్‌చార్జిని చేశారని అక్క చెప్పింది, చాలా సంతోషం. షిఫ్టు టైములు మారుస్తున్నారట, ఆ మాట మనుషులకి ఎలా చెప్పాలని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

మార్పు మాట ఆఫీసులో పగలు పుడుతుంది. రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కేవాళ్లకి చేరేసరికి అందులో సగం పుకారే. 'ఓటీ తీసేస్తున్నారంట' అని ఒక్కడంటే చాలు, ఇక నువ్వేం చెప్పినా నమ్మరు. అందుకే ముందు రాత్రి షిఫ్టుకి చెప్పు. డ్యూటీ ఎక్కకముందే నువ్వే వెళ్లి, నిలబడి మాట్లాడు. వాట్సాప్ గ్రూపులో పెట్టి చెప్పేశాననుకోకు. మీ దగ్గర ఒడిశా, బీహార్ కుర్రాళ్లున్నారు కదా, తెలుగు కాగితం ఒక్కటే అంటిస్తే వాళ్లకి ఉన్నా లేనట్టే. ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో నోటీసు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది.

పని గంటలు, విరామాలు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసివ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, దాని బదులొచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. ఆ గడువుని కాగితం తంతుగా చూడకు. ఒకే గదిలో రెండు షిఫ్టుల వాళ్లుంటారు, ఒకడు లేచిన చాప మీద ఇంకొకడు పడుకుంటాడు. టైము మారితే వాళ్ల నిద్ర, వంట, పిల్లల బడి, షేర్ ఆటో అన్నీ మళ్లీ కుదుర్చుకోవాలి. వారాల వంతు నీ చేతిలో ఉంటే ఫస్టు నుంచి సెకండుకి, సెకండు నుంచి నైటుకి తిప్పు. వెనక్కి తిప్పడం కంటే ఒంటికి అదే తేలిక.

షిఫ్టు అప్పగింత ఇంకా ముఖ్యం. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద, ఒక పంపు రక్షణ వాల్వు మరమ్మతుకి విప్పి ఉందన్న సంగతి రాత్రి షిఫ్టుకి చేరలేదు. వాళ్లు ఆ పంపు నడిపారు. 167 మంది పోయారు. మీది చిన్న యూనిటే, కానీ గార్డు స్విచ్ బైపాస్ చేసి ఉందని చెప్పకుండా వెళ్లిపోతే తెల్లారేలోగా ఒకడి చెయ్యి పోతుంది. లాగ్‌బుక్‌లో 'అంతా ఓకే' అని రాయనివ్వకు. ఏ పని సగంలో ఆగింది, ఏది విప్పి ఉందో రాయించు. దిగేవాడూ ఎక్కేవాడూ మెషిన్ దగ్గరే నిలబడి మాట్లాడుకోవాలి, విన్నవాడు తిరిగి చెప్పాలి. ఆ పదిహేను నిమిషాలకి జీతం కట్టమని ఓనరుని గట్టిగా అడుగు. ఉచితంగా ఉండమంటే ఎవరూ ఉండరు, ఉండనక్కర్లేదు కూడా.

ఓటీ సంగతి తేల్చుకోకుండా మాత్రం వాళ్ల ముందుకెళ్లకు. మొదట అడిగేది అదే. జవాబు తెలియనివి రాసుకుని, ఏ రోజుకి చెప్తావో అక్కడే చెప్పు. నోటీసు రాశాక అంటించే ముందు నాకోసారి పంపు.

మామయ్య