నది దాటని రోజు

విశాఖపట్నం

చి. సింధుకు,

నువ్వు పంపిన లిస్టు చూశాను. కొలోసియం, ఫోరం, వాటికన్ మ్యూజియాలు, సిస్టీన్ చాపెల్, సెయింట్ పీటర్స్, బోర్గేజే గ్యాలరీ, పాంథియాన్, నవోనా, ట్రెవీ, స్పానిష్ మెట్లు. ఇదంతా ఒక్క రోజులో, అదీ మీ అమ్మానాన్నల్ని, అంటే మా అక్కనీ బావగారినీ వెంటబెట్టుకుని! మ్యూనిక్‌లో చదువుకుంటున్నావు, నీకు రోమ్ ఎప్పుడంటే అప్పుడు అందుతుంది. విజయవాడ నుంచి వాళ్ళిద్దరూ ఇంత దూరం మళ్ళీ వస్తారో రారో. అందుకే అన్నీ చూపించెయ్యాలని నీ ఆరాటం. నేనూ అందుకే సగం కొట్టెయ్యమంటున్నాను. మోకాళ్ళ నొప్పులున్న అక్క పది చోట్ల తిరిగి పదీ మర్చిపోవడం కన్నా, ఐదు చోట్ల కుదురుగా నిలబడి చూడడం నాకిష్టం.

ముందు వాటికన్ తీసెయ్యి. సిస్టీన్ చాపెల్‌కి విడిగా టికెట్ ఉండదు, మ్యూజియాల గదులన్నీ దాటుకుని చివరికి చేరాలి. ఎంత తొందరపడ్డా పూట గడుస్తుంది. ఆ తర్వాత సెయింట్ పీటర్స్ దగ్గర సెక్యూరిటీ క్యూ ఇంకొకటి. అదంతా అయి టైబర్ నదికి ఇవతలికి వచ్చేసరికి ఎండ నడినెత్తికొస్తుంది, ఓపిక అయిపోతుంది, అసలు పాత రోమ్ అంతా చూడకుండా మిగిలిపోతుంది. ఆ పాత ఊరు నదికి ఇవతల, నడిచి తిరగ్గలిగే మేరలోనే ఉంది. కాబట్టి ఈసారికి నది దాటకండి. స్పానిష్ మెట్లూ వద్దు. బోర్గేజే కూడా వద్దు. అక్కడ రెండేసి గంటల స్లాట్లు, ముందే బుక్ చేసుకోవాలి, ఆ టైముకి ఎక్కడున్నా వదిలేసి పరుగెత్తాలి. రోజంతటికీ గడియారం చూసుకోవాల్సిన పని ఒక్కటే పెట్టుకో, అది పొద్దున్న కొలోసియం.

తారీఖు ఇంకా తేల్చుకోలేదన్నావు గనక చెబుతున్నా. జూన్ 2 వద్దు. అది వాళ్ళ రిపబ్లిక్ డే, కొలోసియం ముందున్న పెద్ద రోడ్డు మీదే మిలిటరీ పరేడ్ జరుగుతుంది, దారులన్నీ మూసేస్తారు. నెలలో మొదటి ఆదివారం కూడా వద్దు. ఆ రోజు ప్రవేశం ఉచితం, ముందుగా బుకింగ్ ఉండదు, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. మామూలు పనిరోజు ఏదైనా పరవాలేదు.

కొలోసియం టికెట్లు వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లో నెల రోజుల ముందు పెడతారు. పెట్టిన రోజే కొను, పొద్దున్న తెరిచే వేళకి మొట్టమొదటి స్లాట్ తీసుకో. అదే టికెట్ మీద ఫోరం, పాలటైన్ గుట్ట కూడా చూడొచ్చు. ఒక జాగ్రత్త. టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. బావగారి పేరు అందరికీ తెలిసినట్టు పొట్టి ఇంటిపేరుతో కొట్టకు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో ఉందో, పేరు ఏ గడిలో ఉందో చూసి అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించు. మనవాళ్ళకి ఇంటిపేరు ముందు, వాళ్ళకి వెనక. అక్కడ తారుమారైతే గేటు దగ్గర సర్దిచెప్పుకోవాల్సి వస్తుంది.

మీ హోటల్ టెర్మినీ స్టేషన్ దగ్గరే కదా. మెట్రో బి లైన్‌లో రెండో స్టాపు. స్టేషన్‌లోంచి బయటపడగానే కొలోసియం గోడ ఎదురుగా నిలబడి ఉంటుంది. తొందరపడి లోపలికి పోకు. కింది వరుస కమానుల నెత్తిన చూడు, రాతిలో చెక్కిన రోమన్ అంకెలు కనిపిస్తాయి. 23 నుంచి 54 దాకా ఇప్పటికీ ఉన్నాయి. చుట్టూరా 80 కమానులు, అందులో నాలుగు పెద్ద ద్వారాలు పోగా మిగతా 76కీ నంబర్లు వేశారు. ఎవరు ఏ నంబరు కమాను కింద నుంచి లోపలికెళ్ళి కూర్చోవాలో ముందే నిర్ణయం. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించిన ఈ కట్టడంలోకి దాదాపు యాభై వేల మంది తోపులాట లేకుండా వచ్చిపోయింది ఆ పద్ధతి వల్లే. గోడ నిండా గుంటలు కనిపిస్తాయి, అవేమిటని అక్క తప్పకుండా అడుగుతుంది. రాళ్ళని కలిపి పట్టి ఉంచిన ఇనప కొక్కేలను మధ్యయుగాల్లో పెరికి పట్టుకుపోయారు, ఆ గుంటలవి. లోపల మెట్లు నిటారుగా ఉంటాయి. లిఫ్ట్ ఉంది, అక్క కోసం మొహమాటపడకుండా అడుగు. బయటికొచ్చే ముందు ముగ్గురూ బాత్రూమ్‌కి వెళ్ళిరండి, ఆ తర్వాత అంత సులువుగా దొరకదు.

పాలటైన్ గుట్ట ఎక్కొద్దు, అక్కకి ఎక్కుడు ఎక్కువ. నేరుగా ఫోరంలోకి దిగండి. నీడ ఉండదు, టోపీలు పెట్టుకోండి. అక్కడున్న ప్రతి రాయి కథా చెప్పబోయి వాళ్ళని విసిగించకు. ఒక్క గుడి దగ్గర మాత్రం బావగారిని నిలబెట్టు. పది ఎత్తైన రాతి స్తంభాలు, వాటి వెనకాలే ఒక చర్చి. చర్చి తలుపు మెట్ల మీద కాకుండా గాల్లో వేలాడుతున్నట్టు బాగా పైన ఉంటుంది. ఆ చర్చికి ఇప్పటి ముఖద్వారం కట్టిన కాలానికి ఫోరం అంత ఎత్తున మట్టితో పూడిపోయి ఉంది. తర్వాత తవ్వేసరికి నేల కిందికి పోయింది, తలుపు పైన మిగిలింది. ఆ గుడి క్రీ.శ. 141లో ఆంటోనినస్ పయస్ చక్రవర్తి చనిపోయిన భార్య ఫౌస్టీనా కోసం కట్టించింది. ఆయనా పోయాక, పైన ఆయన పేరు చేర్చి చెక్కారు. రెండు పేర్లూ ఇప్పటికీ చదువుకోవచ్చు. ఇప్పుడు బావగారికి చెప్పాల్సిన మాట. మన నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో ఒకటి ఈ ఫౌస్టీనాదే. ఆయన అన్నేళ్ళు పిల్లలకి శాతవాహనులనీ ఇక్ష్వాకులనీ పాఠం చెప్పిన మనిషి. సముద్రాలు దాటి కృష్ణ ఒడ్డుకి చేరిన ఆ నాణెం మీది మనిషి గుడి ఎదురుగా నిలబడితే ఆయన మొహం ఎలా ఉంటుందో నువ్వు ఫోటో తీసి నాకు పంపాలి.

నీళ్ళ సీసాలు కొనకండి. ఊరంతా వీధి కుళాయిలు, దాదాపు 2,500 ఉంటాయి. నడుము ఎత్తున ఇనప స్తంభం, కిందికి వంగిన గొట్టం, నీళ్ళు ఆగకుండా కారుతుంటాయి. గొట్టం కొసని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు విల్లులా వంగి పైకి లేస్తాయి. వంగి నోటితో తాగొచ్చు. చల్లగా, శుభ్రంగా ఉంటాయి. ఖాళీ సీసా ఒకటి సంచిలో పెట్టుకుంటే చాలు.

పన్నెండు దాటగానే ఫోరంలోంచి బయటపడి, మార్సెల్లస్ థియేటర్ పక్క నుంచి పాత యూదుల పేటకి నడవండి. భోజనం అక్కడే. శనివారం అక్కడి కోషర్ హోటళ్ళు మూసి ఉంటాయని గుర్తుంచుకో. అక్క శాకాహారి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. కార్బొనారా, అమత్రిచానా అనే పాస్తాల్లో మామూలుగా పంది మాంసం ఉంటుంది. సుప్లీ అనే అన్నపు బజ్జీ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, సంప్రదాయంగా చేసేదాంట్లో మాంసం పడుతుంది. కాచో ఎ పెపెలో ఉండేది జున్నూ మిరియాలే, కానీ ఆ పెకొరీనో జున్నుని గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. ఈ సంగతి అక్కకి ముందే చెప్పు, తినడం మానడం ఆవిడ ఇష్టం. ఏ పేచీ లేనిది ఆల్యో ఓల్యో. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి. ఇంకాస్త కారం వెయ్యమని అడిగితే మన నాలుకకి హాయిగా ఉంటుంది. పిజ్జా అయితే మరినారా, అందులో జున్ను కూడా ఉండదు.

తిన్నాక రెండు గంటలు హోటల్‌కి వెళ్ళి పడుకోండి. టైము వృథా అనుకోకు. జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసే ఉంటాయి. ఆ రెండు గంటల నిద్రతోనే సాయంత్రమంతా నడవగలుగుతారు.

నాలుగింటికి పాంథియాన్. టికెట్ ఉంది, అదీ ముందే కొనెయ్యి. చర్చి కాబట్టి భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. అక్క చీరకి ఏ ఇబ్బందీ లేదు, నీ సంగతి నువ్వు చూసుకో. సుమారు క్రీ.శ. 126 నాటి గోపురం. 43.3 మీటర్ల వెడల్పు, నేల నుంచి నడినెత్తి దాకా ఎత్తూ అంతే. ఒక్క ఇనప చువ్వ లేకుండా కాంక్రీటుతో పోశారు. అడుగున బరువైన రాయి కలిపి, పైకి పోయేకొద్దీ తేలిక చేసి, చిట్టచివర నురగరాయి కలిపారు. నడినెత్తిన గుండ్రంగా ఖాళీ వదిలారు. వాన పడితే లోపలే పడుతుంది, నీళ్ళు పోవడానికి నేలలో రంధ్రాలు ఉన్నాయి, వెతికి చూడండి. ఆ ఖాళీలోంచి పడే ఎండ గోడ మీద మెల్లగా జరుగుతుంది. బెంచీ మీద కూర్చుని ఓ ఇరవై నిమిషాలు చూస్తే జరిగింది తెలుస్తుంది. ఇంకో చోటికి వెళ్ళాలని లేపకు.

పక్క వీధిలో సాన్ లుయిజీ చర్చి. చిత్రకారుడు కరవాజ్జో గీసిన బొమ్మలు మూడు, ఉచితం. నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, చిల్లర దగ్గర ఉంచుకోండి.

ఆ తర్వాత నవోనా చౌక్. మధ్యలో బెర్నీనీ 1651లో పూర్తిచేసిన నాలుగు నదుల ఫౌంటెన్. నైలు, డాన్యూబ్, రియో దె ల ప్లాటా, నాలుగోది మన గంగ. చేతిలో పొడవాటి తెడ్డు పట్టుకుని కూర్చున్న గడ్డం మగవాడిని వెతికి అక్కకి చూపించు. మనకి గంగమ్మ తల్లి, వాళ్ళ శిల్పుల చేతిలో నదులు మగవాళ్ళు. పడవలు నడిచే నది అని చెప్పడానికి ఆ తెడ్డు. అంత దూరాన కూర్చుని ప్రపంచంలో నాలుగు ఖండాలకి నాలుగు నదులు ఎంచుకుంటే ఆసియా తరఫున గంగనే పెట్టారు. పుష్కరాలు ఒక్కటి కూడా వదలని అక్క అక్కడ చెయ్యెత్తి దణ్ణం పెట్టినా నువ్వు సిగ్గుపడకు.

అక్కడి నుంచి ఐదారు నిమిషాల్లో ఉంబెర్తో వంతెన. సూర్యుడు దిగేవేళకి వంతెన సగం దాకా వెళ్ళి పడమర చూస్తే సెయింట్ పీటర్స్ గోపురం మొత్తం కనిపిస్తుంది. ఈసారికి వాటికన్ దర్శనం అంతే.

బస్సుల్లో, మెట్రోలో జేబుదొంగలు ఉంటారు. బావగారి పర్సు వెనక జేబులో ఉండకుండా పొద్దున్నే చూడు. కొలోసియం దగ్గర గ్లాడియేటర్ వేషగాళ్ళు ఫోటో తీయించి డబ్బు గుంజుతారు, దారాలు చేతికి కట్టబోయేవాళ్ళూ ఉంటారు. చెయ్యి వెనక్కి లాక్కుని నడిచిపోవడమే. రాళ్ళ వీధులు ఎగుడుదిగుడు, అక్కకి చెప్పులు వద్దు, బూట్లు కొనిపెట్టు.

ట్రెవీ ఫౌంటెన్ రాత్రి భోజనం అయ్యాకే, పది దాటాక. పగలు జనంతో నీళ్ళే కనబడవు. క్రీ.పూ. 19లో అగ్రిప్పా తవ్వించిన కాలువే ఇప్పటికీ ఆ ఫౌంటెన్‌కి నీరిస్తోంది. అక్కడి నుంచి హోటల్‌కి నడక వద్దు. స్టాండులో తెల్ల టాక్సీ ఎక్కండి, మీటరు వేశాడో లేదో చూడు. తారీఖు ఖాయం కాగానే నాకు చెప్పు, టికెట్లు పెట్టే రోజు నేనూ గుర్తు చేస్తాను. అక్కనీ బావగారినీ అడిగానని చెప్పు.

మీ పిన్ని